ఏసురత్నం దాటేసిన రెండక్షరాలు

తార్నాకలో ఎవరికి మందుచీటీ రాసినా, మందుల షాపుకంటే ముందు అది ఏసురత్నం చేతిలో పడాల్సిందే. గుంటూరు వైపు ఒక క్షయ ఆస్పత్రిలో ఇరవై ఏళ్లు వార్డుబాయ్‌గా చేసి, ఆ తర్వాత యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా కుదురుకున్నాడాయన. టీడీఎస్ అంటే మూడు పూటలా, హెచ్చెస్ అంటే పడుకోబోయే ముందు. హాస్టళ్ల నిండా ఎమ్మెస్సీలు చదివే పిల్లలున్నా, డాక్టరు రాత చదవాలంటే ఈ ఎనిమిదో తరగతే దిక్కు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు.

అరవై ఎనిమిది వానాకాలంలో లేడీస్ హాస్టల్లో ఊడ్చే రాములమ్మ వచ్చింది. చంకలో ఏడు నెలల కొడుకు. ఆమెకు నెల రోజులుగా దగ్గు ఆగడం లేదని క్యాంపస్ డాక్టరు ఎక్స్‌రేకి చీటీ రాసిచ్చాడు.

"గిండ్ల ఏం రాసిన్రు సారూ?"

ఆర్, ఒక గీత, ఓ. పక్కన కాక్స్. కాక్స్ అంటే ఏమిటో ఏసురత్నానికి బాగా తెలుసు. రోగి బెదిరిపోకుండా డాక్టర్లు క్షయకు పెట్టుకున్న చాటు పేరది. ముందున్న ఆర్ ఓ మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. తను చేసిన క్షయ ఆస్పత్రికి వచ్చేవాళ్లంతా జబ్బు ఖాయమైనవాళ్లే మరి. తెలియదంటే చిన్నతనం అనిపించి, ఆ రెండక్షరాలనూ దాటేశాడు.

"క్షయ, అమ్మా. పిల్లాడికి పాలివ్వకు. పక్కలో పడుకోబెట్టుకోకు."

రాములమ్మ ఆ సాయంత్రమే బిడ్డను రామంతాపూర్‌లో తన తల్లి దగ్గర వదిలేసి వచ్చింది. కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. ఎక్స్‌రే తీయించుకుని ఫలితం చేతికి వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. భయపడుతోందని ఏసురత్నమే వెంట వెళ్లాడు.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇది దుమ్ము దగ్గు," అన్నాడు డాక్టరు. బిడ్డను దూరం పెట్టిన సంగతి విని నివ్వెరపోయాడు. "క్షయ ఉందని నేనెక్కడ రాశానయ్యా? ఆర్ ఓ అంటే, ఆ జబ్బు ఉందో లేదో చూసి తేల్చమని!"

రాములమ్మ, ఏసురత్నం హబ్సిగూడ మీదుగా రామంతాపూర్‌కు నడిచారు. పిల్లాడు మేకపాలకు అలవాటు పడ్డాడు. తల్లి రొమ్ముకు హత్తుకోబోతే మొహం తిప్పుకుని ఏడ్చాడు. రొమ్ములో పాలూ ఇంకిపోయాయి.

"తెల్వదని ఒక్క మాటంటె ఏం పోతుండె సారూ? డాక్టర్నే అడుగుతుంటి గద," అంది రాములమ్మ. తిట్టినా బాగుండేది. ఎంతోమంది శవాలను మోసిన ఆ మనిషి గడపలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమె కొంగుతో బిడ్డ మూతి తుడిచి, మళ్లీ ఆయన్నే అడిగింది.

"మల్ల పాలొస్తయా సారూ?"

"నాకు తెలియదమ్మా," అన్నాడు ఏసురత్నం, లేచి పిల్లాణ్ణి ఎత్తుకుంటూ. "పద, డాక్టర్నే అడుగుదాం."