పన్నెండు నాడులు, కంకిపాడు బస్సు

2022 జూన్‌లో, ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎనాటమీ ప్రొఫెసరుగా పదవీ విరమణ చేసి ఏడాది తిరగకుండానే, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. హోదా సీనియర్ ఫ్యాకల్టీ. జూనియర్ ఫ్యాకల్టీ అంటూ ఎవరూ లేరు కనుక ఆ హోదాకు పోటీ లేదు. విదేశాల్లో వైద్యం చదివి వచ్చినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలంటే లైసెన్సు పరీక్ష ఒకటి నెగ్గాలి. మూడు వందల ప్రశ్నలు. సగం సరిగ్గా గుర్తిస్తే డాక్టరు. ఒక్కటి తగ్గినా మళ్లీ ఆరు నెలలు విద్యార్థి.

ఆ పరీక్షలో సబ్జెక్టులు వరస పాటించవు. మూత్రపిండం గురించి అడిగిన మరుక్షణం టీకాలు దాచే ఫ్రిజ్ గురించి అడుగుతారు. అది తేలకముందే పాముకాటు. అందుకని చివరి వారాల్లో అన్ని సబ్జెక్టులూ కలిపి తిరగేయించే క్లాసు ఉండేది. కాగితం మీద దాని పేరు ఇంటిగ్రేటెడ్ రివిజన్. పిల్లలు కలగూరగంప అనేవారు. ఆ గంప మోసే పని నాది.

నాకున్న కాస్త పేరూ కొండగుర్తుల వల్ల వచ్చింది. వాటిలో నేను కిరీటంలా మోసింది కంకిపాడు బస్సు. మెదడు నుంచి నేరుగా బయల్దేరే కపాల నాడులు పన్నెండు. వాటికి వరసగా నంబర్లుంటాయి. విజయవాడ బస్టాండు నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడుకు కూడా పన్నెండే స్టాపులని నేను తీర్మానించాను. బస్సు నడిపేవాళ్ల లెక్క వేరే ఉండొచ్చు. వాళ్లకు ఎనాటమీతో పనిలేదు. బస్టాండు ఒకటి, వాసన నాడి: వివరణ అక్కర్లేదు. లబ్బీపేట రెండు, చూపు: షోరూముల దీపాలు. బెంజి సర్కిల్ మూడు, కంటిని తిప్పే నాడి: ఏ లారీ ఎటునుంచి వస్తుందో చూసుకోవాలి కనుక. అలా వెళ్లి నాలుకను ఆడించే పన్నెండోది కంకిపాడులో దిగుతుంది. ఎనిమిదోదైన వినికిడి నాడి మాత్రం పోరంకిలో పడింది. అక్కడ ఏం వినిపిస్తుందని ఎవరైనా అడిగితే, శ్రద్ధగా వినమనేవాణ్ణి.

ఒక బ్యాచ్‌లో హారిక అనే అమ్మాయి ఉండేది. అంతకుముందు రెండుసార్లూ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మార్కుల తేడాతో పరీక్ష పోయింది. కంకిపాడులో వాళ్ల నాన్నకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం. ఈసారీ పోతే కౌంటర్లో కూర్చోవడమేనని ఆయన తేల్చి చెప్పాడట. మందుల గురించి చదివిన చదువు వృథా పోదని ఓదార్చాడట కూడా.

మొదటి మాక్ టెస్టులో హారికకు నాడుల ప్రశ్నలన్నీ సరిపోయాయి. నేను కంకిపాడు బస్సు నడిపిన తర్వాత పెట్టిన టెస్టులో అన్నీ తప్పాయి. రెప్ప వాలి, కంటిపాప పెద్దదైన రోగికి దెబ్బతిన్నది మూడో నాడి. ఆమె పది అని గుర్తించింది. నాలుక ఒక పక్కకు వాలితే పన్నెండోది. ఆమె ఒకటి అంది. జీవితమంతా పాఠాలు చెప్పిన అనుభవంతో నేను వెంటనే రోగ నిర్ధారణ చేశాను: పరీక్ష భయం. కూర్చోబెట్టి ధైర్యం చెప్పాను. తర్వాతి టెస్టులోనూ అవే తప్పులు, మరింత ధైర్యంగా.

అప్పటికి బుద్ధి వచ్చి, నాడులు పైకి అప్పజెప్పమన్నాను. "కంకిపాడు ఒకటండీ, ఈడుపుగల్లు రెండు..." అని మొదలుపెట్టింది. ఆపి, బస్సు బయల్దేరేది విజయవాడలో కదా అన్నాను.

"మీ బస్సు అక్కడ బయల్దేరుతుందండీ. నేను కంకిపాడులో కదండీ ఎక్కేది."

ఏ నాడి ఏ స్టాపులో ఉందో నేను చెప్పినట్టే గుర్తుపెట్టుకుంది. నంబరు మాత్రం వాళ్ల ఊరి నుంచి లెక్కపెట్టింది. సాయంత్రం అదే దారిలో తిరిగి వెళ్తావు కదా, అప్పుడైనా తట్టలేదా అంటే, బస్సెక్కగానే నిద్రపోతానని, కండక్టరు లేపితే దిగుతానని చెప్పింది.

"మరి నా క్లాసుకు ముందు ఎలా గుర్తుపెట్టుకునేదానివమ్మా?"

"ముందు నాకు వచ్చేవండీ సార్. మీరు చెప్పాకే..." అని మర్యాద కొద్దీ ఆపేసింది.

నా బస్సు మర్చిపొమ్మన్నాను. రోజూ ఎక్కే బస్సును ఎలా మర్చిపోతానంది. నిజమే. పరీక్షకు ఇంకా మూడు వారాలుంది. రెండు రోజులాగి వచ్చి, రోడ్డును అలాగే ఉంచి నాడుల్నే అటువి ఇటు మార్చుకున్నానంది. కంకిపాడులో వాసన: వాళ్ల స్టాపు పక్కనే చేపలమ్ముతారు. విజయవాడ బస్టాండులో నాలుక: "ఆటో బేరమాడొద్దాండీ?" కంకిపాడు నుంచి ఎనిమిదో స్టాపు ఏదో నేనే వేళ్లు ముడిచి చూసుకున్నాను. ఆటోనగర్. లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు పడే చోట వినికిడి నాడి. అప్పటిదాకా దాన్ని పోరంకిలో దింపి, శ్రద్ధగా వినమన్నది నేను. ఆమె వరసలో ఎక్కడైనా లోపం దొరుకుతుందేమోనని ఆ సాయంత్రం చాలాసేపు వెతికాను. దొరకలేదు.

ఫలితాలొచ్చిన రోజు ఫోన్ చేసింది. పాసైంది. వెనక నుంచి వాళ్ల నాన్న ఫోన్ అందుకుని, "ఇంక కౌంటర్లో నేనే కూర్చోవాలండీ మాస్టారూ" అన్నారు. గొంతులో ఫిర్యాదేమీ లేదు. ఫోన్ మళ్లీ ఆమె చేతికి వెళ్లాక, ఉండబట్టలేక, నాడుల మీద ఎన్ని ప్రశ్నలొచ్చాయని అడిగాను.

"ఒక్కటీ రాలేదండీ."

కొండగుర్తు చెప్పేవాడు తాను ఎక్కే చోటు నుంచి చెబుతాడు. వినేవాడు తాను ఎక్కే చోటు నుంచి వింటాడు. ఆ తర్వాతి బ్యాచ్‌లకు నాడులు మొదలుపెట్టేముందు ఎవరు ఎక్కడ బస్సెక్కుతారో అడిగేవాణ్ణి. గన్నవరం వైపు నుంచి వచ్చేవాళ్లను స్టాపులు వాళ్లనే ఎంచుకోమనేవాణ్ణి. మిగిలిన బందరు రోడ్డు వాళ్లకు బస్సును కంకిపాడులోనే బయల్దేరదీసి, వినికిడి నాడిని ఆటోనగర్లో దింపాను. పోరంకి గురించి మళ్లీ ఎవరూ అడగలేదు.