కర్ర అన్నందుకు వచ్చిన నేల

మా పాత ఇంటి పైభాగం చెక్క మిద్దె. పైన ఎవరైనా నడిస్తే కింద అన్నంలో దుమ్ము రాలేది. దూలాలు గట్టివే. పలకలను మాత్రం చెదలు తినేశాయి. మా ఇంట్లో మొదలుపెట్టిన పని పూర్తిచేసినవి అవొక్కటే.

గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక దాటింది. నీళ్లు ఇంట్లోకి వస్తే మాకు ఆ మిద్దే దిక్కు. తుంటి విరిగిన నానమ్మను శిబిరానికి తీసుకెళ్లలేం. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చేటప్పుడే నొప్పికి రెండుసార్లు స్పృహ తప్పింది.

వడ్రంగి చాచా వచ్చి పలకను గోటితో గీశాడు. గోరు లోపలికి దిగిపోయింది.

"ఏం చెక్క వేద్దాం చాచా?" అన్నాడు నాన్న.

"ప్లైవుడ్ నానితే అప్పడమే. మద్ది వంకర పోతది. టేకు వెయ్ భాయ్, నీ మనవలు గూడ తిరుగుతరు."

"ముందు మా అమ్మను పండుకోనియ్."

అడవి పక్క ఊళ్లో టేకు అన్న మాట ఎవరూ గట్టిగా అనరు. టేకు దొంగలను పట్టే అటవీ చెక్‌పోస్టు చూస్తూ పెరిగిన భయం అది. బిల్లుతో కొంటున్నా సరే, నాన్న కలప డిపోకు ఫోన్ చేసి గొంతు తగ్గించాడు.

"మిద్దెకు ఆ కర్ర కావాలె. జల్దీ పంపు."

"పేరు చెప్పు నాన్నా, మనమేం దొంగతనం చేస్తలేం."

"నువ్ ఊకో. ఎవలన్న వింటరు."

రెండో హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం ట్రాలీ ఆటో దిగింది. నిండా జామాయిల్ కర్రలు. మా వైపు ఉత్త కర్ర అంటే కాగితం మిల్లుకు పోయే జామాయిలే. నాన్న అరుగు మీద కూలబడ్డాడు. డిపోకు తిరిగి పోదామంటే ఆటో వచ్చిన దారి ఆలోపే మునిగింది.

"ఇంకో నెల ఆగితే కాగితమే పంపుతుండె," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

చాచా పుచ్చిన పలకలు పీకేశాడు. కర్రలను దూలాల మీద అడ్డంగా పరిచి, మేకులు అయిపోతే నులక తాడుతో బిగించాడు. అమ్మ, నాన్న, చాచా, నేను నానమ్మను మంచంతో సహా పైకి చేర్చేసరికి నీళ్లు మూడో మెట్టు ఎక్కాయి.

కర్రలు కిర్రుమన్నాయి. నానమ్మ కళ్లు తెరిచింది.

"గిదేం నేల రా? చేన్ల మంచె లెక్కుంది."

"అవ్ నానమ్మా. పిట్టలొస్తె తోలు."

ఆమె నవ్వింది. మంచం ఊగింది. ఒక కర్ర జరిగి కింద నీళ్లలో దబ్బుమని పడింది.

"నవ్వకు!" అని నలుగురం ఒక్కసారే అరిచాం.