చెప్పుల్లేని కెప్టెన్లు

మొన్న కార్తీకం దాకా డోన్‌లో బంతి మైదానం గోడ కడగడం ఇద్దరి పని. తెల్లారుతూనే ఉరుకుందమ్మ బిందె చంకన పెట్టుకుని ముందు నడిచేది. ఆమె మొగుడు మద్దయ్య కొబ్బరి పీచు చేత్తో తిప్పుకుంటూ వెనక వచ్చేవాడు. ఆమె చెంబుతో నీళ్లు పోస్తే అతను గోడ మీది మొహాలు రుద్దేవాడు. రుద్దుతున్నంతసేపూ నోరు ఊరుకునేది కాదు. ఈయన లండన్‌కు పోయినాడు, ఈయన ఢిల్లీలో బంగారు పతకం తెచ్చినాడు అంటూ మన దేశపు ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ల కథంతా రోజూ మొదటినుంచి చెప్పుకొచ్చేవాడు. ఇప్పుడు బిందె, చెంబు, పీచు మూడూ ఆమె చేతిలోనే ఉన్నాయి. చెప్పేవాడు పోయాడు. మొహాలు అవే, వాటి మీద ఉమ్మీ అదే.

ఆ ఊరికి ఉమ్మడానికి భూమి చాలదు. రోడ్డుంది, మురికి కాలవుంది, పట్టాల పొడుగునా ఖాళీ జాగా ఉంది. అయినా గుట్కా నమిలే ప్రతివాడికీ ఎవరిదో ఒక మొహం కావాలి. ఇంట్లో పెళ్లాం ముందు నోరు తెరవలేనివాడు కూడా ఇక్కడికొచ్చి దేశం కెప్టెన్ మీద ఉమ్మి, మీసం తుడుచుకుని, ఏదో గెలిచినట్టు నడిచి పోతాడు.

మద్దయ్య బోర్డులు రాసే మనిషి. లారీల వెనక అక్షరాలు, అంగళ్ల పేర్లు, ఎన్నికలొస్తే గోడల నిండా గుర్తులు. ఎదురుబొదురు గోడల మీద ఇద్దరి గుర్తులూ తనే రాసేవాడు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే రోజు అతన్ని మరిచిపోయేవారు. బంతిని ఏనాడూ సరిగ్గా తన్నింది లేదు. చిన్నప్పుడొకసారి గోల్ దగ్గర నిలబెడితే, మీదికొస్తున్న బంతిని పట్టుకోకుండా దాని అతుకులెట్లా కుట్టారా అని చూస్తూ నిలబడ్డాడట. మళ్లీ ఎవరూ నిలబెట్టలేదు. ఆట పిచ్చి మాత్రం వదల్లేదు.

మైదానానికి గోడ కట్టినప్పుడు అప్పటి కమిటీవాళ్లు దాని మీద దేశం కెప్టెన్లను వేయమన్నారు. బడి సారు పేర్లు చెప్పాడు.

"పేర్లు సరే సార్, మొహాలు యాడ?" అన్నాడు మద్దయ్య.

"పాతోళ్ల మొహాలు ఈడ ఎవురు సూసినారప్పా? నీకు తోచినట్టు వెయ్యి."

చదువుకున్నవాళ్ల సాయం అంతవరకే. తోచినట్టే వేశాడు మద్దయ్య. మొదటివాడు తాలిమెరెన్ ఆవో. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు జట్టును లండన్ ఒలింపిక్స్‌కు నడిపించిన నాగా కొండల మనిషి. మద్దయ్య ఆ కొండలనూ చూడలేదు, అక్కడి మనుషులనూ చూడలేదు. పోయి స్టేషన్ బయట ఒక పూటంతా కూర్చున్నాడు. హమాలీ గిడ్డయ్య నెత్తిన మూటతో, మెడ నిలబెట్టి, జనం మధ్యలోంచి ఎవరినీ లెక్కచేయకుండా నడిచొచ్చాడు. కెప్టెనంటే ఇట్లాగే ఉంటాడనుకున్నాడు మద్దయ్య. గోడ మీద ఆవో పేరు, దాని పైన గిడ్డయ్య. ఢిల్లీలో ఆసియా ఆటలు గెలిచిన శైలేన్ మన్నాకు టీకొట్టాయన దవడలొచ్చాయి. జకార్తాలో గెలిచిన చునీ గోస్వామికి మంగలి షాపు అందగాడి ముక్కు, జుట్టు. ఆ తర్వాతి కెప్టెన్ల బొమ్మలు పేపర్లలో దొరికాయి. పేపరు చూసి వేసినవాళ్లు మాత్రం ఎవరిలాగానూ కుదరలేదు.

ఒక్కరికీ బూట్లు వేయలేదు. లండన్‌లో మనవాళ్లు చాలామంది ఒట్టికాళ్లతో ఆడారని సారు చెప్పిన ముక్క పట్టుకుని, నిన్నమొన్నటి కెప్టెన్ల దాకా అందరినీ ఒట్టికాళ్లతోనే నిలబెట్టాడు. ఎవరైనా నవ్వితే, "బూటేస్తే లోపల ఉండేది ఎవురి కాలో ఎట్ల తెలుస్తాదప్పా?" అనేవాడు.

ఉరుకుందమ్మకు ఆ బంతి మీద గౌరవం లేదు. కడిగేటప్పుడు ప్రశ్నలేస్తే గాని మొగుడి చెయ్యి ఆడదని అడిగేది, అంతే.

"జకార్తాలో గెలిచినంక ఏమైంది?"

"ఆ పైన శానా ఏండ్లు సెప్పుకునేంత ఏమీ లే."

"ఏమీ లేనిదానికి ఇంతమంది కెప్టెన్లెందుకు?"

"ఆట ఉండాది కదే!"

"ఉండాదిలే, మా నాయన చేను మాదిరి. ఎప్పుడో ఒక్క ఏడు వాన పడె. ఆ పంట కథ పోయేదాకా చెప్పె."

"యాభైలో ప్రపంచ కప్పుకు దారి దొరికిండె. మనోళ్లు పోలే."

"పోనిదానికీ ఒక కెప్టెన్ ఉన్నాడా?"

మద్దయ్య పీచు పట్టుకుని పగలబడి నవ్వేవాడు. "అందుకేనే ఆ ఆఖరి చట్రం ఖాళీగా పెట్టిండేది. పోయేటోడు రానీ, వాణ్ణి యేస్తా."

నిజంగానే వరస చివర ఒక చట్రం ఖాళీగా ఉండేది. నీలం అంచు, లోపల ఉత్త సున్నం.

గిడ్డయ్య చనిపోయిన ఏడు పెద్దల అమావాస్యకు అతని భార్య జీవమ్మ ఆకులో వడలు పెట్టుకుని ఆ గోడ దగ్గరికొచ్చింది. ఆ ఇంట్లో ఫొటో అనేది ఎవరూ తీయించుకోలేదు. ఆమె ముందు మొహం చూడలేదు, కాళ్లు చూసింది. ఎప్పుడో తోపుడు బండి ఎక్కి వంకరపోయిన కుడికాలి బొటనవేలు వంకరగానే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి, "ఈడుండావా?" అంది. బొట్టు పెట్టి, టెంకాయ కొట్టింది.

అటుగా పోతున్న బడి సారు ఆగి నవ్వాడు. "ఏమమ్మా, ఒలింపిక్ కెప్టెన్‌కు వడలు పెడతాండావా?"

"తింటాడు సార్. శానా దూరం పోయొచ్చినాడంట కదా."

సారుకు మరి నవ్వు రాలేదు. తర్వాతి ఏళ్లలో టీకొట్టాయన పిల్లలూ వచ్చారు, మంగలి ఇంటివాళ్లూ వచ్చారు. దేశం కెప్టెన్లకు ఏటా ఒకసారి డోన్‌లో వడలు, పాయసం. ఆ మొదటి అమావాస్యనాడే జీవమ్మ ఒక మాట అంది, "పువ్వులు ఉమ్మి మీద పెట్టాల్సొచ్చె అక్కా" అని. ఆ మాట ఉరుకుందమ్మకు ముల్లులా దిగింది. మర్నాటినుంచే బిందె ఎత్తింది.

తర్వాత ఊళ్లోకి ఫ్లెక్సీలొచ్చాయి. మద్దయ్య కుంచెలు డబ్బాలోనే ఎండిపోయాయి. దగ్గు పట్టుకుంది, కార్తీక పౌర్ణమి దాటి నాలుగు రోజులు కూడా నిలవలేదు. పోయాక చూస్తే, ఇంట్లో అతని బొమ్మ ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. అందులో దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్టున్నాడు. ఊళ్లో సగం మంది పెద్దలను గోడెక్కించినవాడు, తన ఆనవాలు మాత్రం ఎక్కడా మిగల్చలేదు. జీవమ్మకు బొట్టు పెట్టడానికి ఆ వంకర వేలుంది. తనకేముంది? ఆ ఖాళీ చట్రంలో మద్దయ్య మొహం వేయించాలని ఉరుకుందమ్మ నిశ్చయించుకుంది. ఆమె జీవితంలో ఎవరినైనా ఏదైనా అడిగింది అదొక్కటే.

అడిగింది పుల్లయ్యను. మద్దయ్య దగ్గరే కుంచె పట్టడం నేర్చుకుని, ఇప్పుడు ఫ్లెక్సీల షాపు పెట్టుకున్నవాడు. "అన్న మొహం నా కండ్లల్లోనే ఉండాది వదినా. మైదానంలో ఈ ఏటి బంతి పోటీలు మొదలయ్యే లోపల వేస్తా" అని మాటిచ్చాడు.

ఆ వారమే కేశవ ఇంటికొచ్చాడు. కేశవకు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది, ఊరి ఫుట్‌బాల్ సంఘానికి ప్రెసిడెంటు. ఆ పదవికి బంతి తెలియనక్కర్లేదు, బంతి ఇస్తున్నట్టు ఫొటో దిగడం తెలిస్తే చాలు. అది అతనికి బాగా తెలుసు. కూర్చోమనకముందే మంచం మీద కూర్చున్నాడు.

"అక్కా, ఈసారి పోటీలు మద్దన్న పేరు మీద పెడతాండాం. ఊరు మరిచిపోగూడదు కదా."

"ఊరికి మరుపు యాడుందప్పా. పొద్దున్నే గుర్తు పెట్టుకునొచ్చి ఉమ్ముతాంది."

కేశవ అది తమాషా మాటనుకుని నవ్వాడు. "దాని గురించే వచ్చినా. ఆ గోడ కొట్టేద్దామంటాండారు మావోళ్లు. పెద్దోళ్లొస్తారు, ఫొటోలు దిగుతారు, ఎనకాల ఈ హమాలీల మొహాలేంది అంటాండారు. నేనే ఆపినా."

"ఆపినందుకు ఏం గావాల?"

"గావాలని కాదక్కా. ఆఖరిది ఖాళీగా ఉండాది కదా. పుల్లయ్యతో మాట్లాడినా."

ఉరుకుందమ్మ చేతిలో చేట ఆగింది. "అది మాయప్పకు."

"మద్దన్న కెప్టెనా అక్కా?"

"నువ్వా?"

"నేను సంఘానికి కెప్టెన్ మాదిరే కదా. చేతికి కెప్టెన్లు కట్టే పట్టీ కూడా వేయమని చెప్పినా." పట్టీ కట్టే చోటు చూపించడానికి చొక్కా చెయ్యి పైకి లాగాడు. "ఆలోచించుకో. ఇదొకటి ఎక్కితే అన్నీ నిలుస్తాయి. లేదంటే వాళ్లు మిషన్ తెప్పిస్తారు."

ఆ వాళ్లు ఎవరో చెప్పలేదు. కేశవ లాంటివాళ్ల బెదిరింపులన్నీ ఎప్పుడూ వేరేవాళ్లవే.

ఉరుకుందమ్మ మళ్లీ చేటలో రాళ్లేరసాగింది. గోడ పోతే జీవమ్మ వడల ఆకు ఎక్కడ పెడుతుంది? మద్దయ్య మొహం వేయించడానికి మద్దయ్య చేసిన పనంతా కూలగొట్టించాలా? అదీ బేరం. ఇంత నీచమైన బేరాన్ని ఇంత తీయగా అడగడం ఫ్యాక్టరీ పెట్టినవాడికే చాతనవుతుంది.

"యేయించుకో" అంది చివరికి. "అయితే అందరి మాదిరే ఒట్టికాళ్లతో వేయాల."

"అంతేనా అక్కా! అదెంత పని" అని కేశవ వెంటనే లేచాడు.

అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే ఆ మాట నిలవదని ఆమెకు తెలిసిపోయింది.

మూడోనాడు గోడ దగ్గరికి పోయేసరికి పుల్లయ్య కుంచెలు కడుగుతున్నాడు. చట్రంలో కేశవ ఉన్నాడు. పొట్ట తగ్గింది, జుట్టు పెరిగింది, చేతికి పసుప్పచ్చ పట్టీ వచ్చింది. కాళ్లకు తెల్లగా మెరిసే బూట్లు.

"ఏం పుల్లయ్యా, ఈ బూట్లేంది?"

పుల్లయ్య తలెత్తలేదు. "ఆయప్ప కాళ్లు సూపియ్యలే వదినా. కొత్త బూట్లు తెచ్చి ముందర పెట్టి, ఇవి సూసి వేయమన్నాడు."

"అన్న మొహం కండ్లల్లోనే ఉండాదంటివి."

"ఉండాది వదినా."

"ఆడనే పెట్టుకో. దుమ్ము పడకుండా సూసుకో."

పుల్లయ్య అప్పటికే శుభ్రంగా ఉన్న కుంచెను మళ్లీ కడిగాడు.

పోటీలు మొదలైన రోజు మైదానం గేటుకు ఫ్లెక్సీ కట్టారు. కేశవ మొహం బండి చక్రమంత, మూలన మద్దయ్య పేరు పెసరగింజంత. మైకులో మద్దయ్యను రెండుసార్లు మల్లయ్య అన్నాడు కేశవ. ఎవరూ దిద్దలేదు, చప్పట్లు కొట్టారు. తర్వాత మొదటి తన్ను తన్నడానికి బంతి ముందుకొచ్చాడు. గోడ మీద వేయించుకున్న బూట్లే వేసుకున్నాడు, ఒకడు వంగి తాళ్లు కట్టాడు. కేశవ నాలుగడుగులు వెనక్కి పోయి, ఫొటోవాడికేసి చూసి, పరిగెత్తుకొచ్చి తన్నాడు. బంతి ఉన్నచోటే ఉంది. బూటు లేచిపోయి గీత అవతల పడింది.

గోడవారన కూర్చున్న జీవమ్మ వెంటనే అంది, "మా గిడ్డప్పకు ఆ బాధే లేదు. ఊడేకి కాలికి ఏముండాది!"

ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల బూటు తెచ్చి తొడిగారు. మళ్లీ తన్నించారు. ఈసారి ఇంకొకడు బంతిని కాలితో ముందే కాస్త తోశాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందన్నారు.

మర్నాడు తెల్లారుతూనే ఉరుకుందమ్మ బిందె నింపుకుని వచ్చింది. పోటీలకొచ్చిన జనం రాత్రంతా నమిలినట్టున్నారు, గోడ ఎర్రగా ఉంది. గిడ్డయ్య దగ్గర మొదలుపెట్టింది. నీళ్లు పోసి రుద్దుతుంటే తన నోరు దానంతటదే పలకడం ఆమెకు వినిపించింది. "ఈయన లండన్‌కు పోయినాడు. ఈయన ఢిల్లీలో గెలిచినాడు. ఈయన జకార్తాలో. ఆ పైన శానా ఏండ్లు సెప్పుకునేంత ఏమీ లే." ఎవరిలానూ కుదరనివాళ్లను కూడా వదలకుండా, చెవుల సందులు, ఒట్టికాళ్ల వేళ్ల సందులు అన్నీ కడిగింది.

చివరికి నీలం చట్రం దగ్గరికొచ్చింది. రంగు ఇంకా కొత్త వాసన కొడుతూనే ఉంది. ఎవడో నిండు నోటితో, గురి చూసి కొట్టినట్టున్నాడు. నుదుటి మీద పడిన ఎరుపు ముక్కు పక్కనుంచి దిగి, పట్టీ తడిపి, తెల్ల బూటు మొన దగ్గర చుక్కయి నిలిచింది. ఇప్పుడైతే ఒక చెంబుతో పోతుంది. ఎండెక్కితే సున్నంలోకి ఇంకుతుంది, ఆ పైన ఏ పీచుకూ రాదు. అది ఉరుకుందమ్మ కంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు.

తూర్పున పట్టాల మీద అప్పుడే వెలుగు పడుతోంది. ఆమె ఆ మొహాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. బిందెలో ఇంకా సగం నీళ్లున్నాయి. వెనక్కి నడిచి ఆ నీళ్లన్నీ గిడ్డయ్య కాళ్ల మీద పోసింది. పీచు గట్టిగా పిండి ఖాళీ బిందెలో వేసుకుని, ఇంటిదారి పట్టింది.