నేరం బాబ్జీది

మా బాబ్జీకి ఒకటే జబ్బు. ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనే చేశానంటాడు.

పర్చూరు దగ్గర ఓ ఊళ్లో నేను వ్యవసాయ సహాయకురాలిని. నా పనల్లా మీటింగులు పెట్టడం. ఎరువులు తగ్గించమని ఒకటి, నీళ్లు తగ్గించమని ఒకటి, వాతావరణం మారిపోతోందని ఇంకొకటి. మిర్చి ఆరబోసిన రోజు చూసుకుని మరీ వాన పడే ఊళ్లో ఆ సంగతి కొత్తగా చెప్పాలి. వినేవాళ్లకీ చెప్పే నాకూ ఓపిక అయిపోయింది. మిగిలింది బాబ్జీకే. మిర్చి కల్లాల దగ్గర కాపలా ఉంటాడు, మీటింగంటే ముందు వరసలో ఉంటాడు.

ఒకసారి జిల్లా నుంచి ఉదయ్ కుమార్ సారు వచ్చారు. బయట ఆయన కారులో ఏసీ నడుస్తోంది, డ్రైవరు నిద్రపోతున్నాడు. భూమి ఇంతలా వేడెక్కడానికి కారణం ఎవరని సారు గట్టిగా అడిగారు.

బాబ్జీ చెయ్యెత్తాడు. "నేనేనండి."

సారు తెల్లబోయారు. ఇంకెప్పుడూ చెయ్యనని బాబ్జీ మాట కూడా ఇచ్చాడు.

బోరు మోటారు రాత్రంతా వదిలేసింది బాబ్జీ. పురుగుమందు డబ్బాలు కాలవలో పడేసింది బాబ్జీ. ఒకే రాత్రి రెండు ఊళ్లలో తప్పులు చేశానన్నప్పుడు విసుగొచ్చి నిలదీశాను. ఎవరో ఒకరు ఒప్పుకుంటే గానీ సార్లు జనాన్ని భోజనాలకి వదలరన్నాడు.

ఏప్రిల్లో సారు మళ్లీ వచ్చారు, ఫోన్లో ఫొటోతో. మా ఊరి దేవకుమారి కౌలు చేలో పత్తికట్టె తగలబడింది. కట్టెను ముక్కలు చేసే మిషను పంపిస్తామని మేమే చెప్పాం, పంపలేదు. చూసి చూసి ఆమే అగ్గిపుల్ల గీసింది. నిప్పు ఎవరు పెట్టారో చెప్పమని, పెట్టినవాళ్లకి పంట నష్టపరిహారం ఆపేస్తామని మీటింగులో అన్నారు సారు. మార్చి వానకి ఆమె మిర్చి కల్లంలోనే బూజు పట్టిపోయింది. ఆ డబ్బు రాకపోతే ఈ ఏడు విత్తనం లేదు. దేవకుమారి వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందు వరసలో చెయ్యి లేచింది. "నేనేనండి. చలేసి చుట్ట కాల్చుకున్నా, నిప్పు పాకింది."

"ఏప్రిల్లో చలేంటయ్యా?"

"ఒంట్లో బాగాలేదండి."

"అయితే నీ పరిహారమే ఆపేస్తాను. ఎన్నెకరాలు?"

"లేవండి."

"కౌలు?"

"అదీ లేదండి."

సారు అతన్ని ఎగాదిగా చూసి, వాచీ చూసుకుని, పొరపాటున అంటుకుందని రాసుకుని వెళ్లిపోయారు. దేవకుమారి పరిహారం ఆగలేదు.

ఊరివాళ్ల తప్పులన్నీ నీకెందుకయ్యా అని ఆ సాయంత్రం అడిగాను.

"నా దగ్గర లాక్కోడానికి ఏముందండి, సౌజన్యగారూ? ఆమెకైతే పోయేది ఉంది," అన్నాడు.

అన్ని మీటింగుల్లో నేను నేర్చుకున్న మాట అదొక్కటే. ఆ మనిషి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మొన్న సారు మళ్లీ వచ్చారు. బడి ఆవరణలో నాటించిన మొక్కలు చూడ్డానికి పైవాళ్లు వస్తున్నారట. ఆయన పంపాల్సిన నీళ్ల ట్యాంకరు రాక ఒక్కటీ బతకలేదు. ఏం చెప్పాలో తోచడం లేదని మీటింగులో నాతో మెల్లగా అన్నారు, అయినా ముందు వరసకి వినపడింది.

ముందు వరసలో చెయ్యి లేచింది.

"నా గేదె తినేసిందని రాసుకోండి సార్."

బాబ్జీకి గేదె లేదు. ఆ సంగతి సారుకి తెలియకపోదు. అయినా ఈసారి ఏమీ అడక్కుండా పెన్ను తీశారు.