చెవులమ్మ, చివరి లాంచీ

రేవులో అందరూ ఆమెను చెవులమ్మ అంటారు. చెవులు పెద్దవని కాదు, ఆమె ఉద్యోగమే వినడం. సముద్ర పరిశోధన కేంద్రం వాళ్ళు జెట్టీ చివర ఒక రేకుల గది కట్టించి, నీళ్ళ అడుగుకి ఒక మైకు వేలాడదీశారు. ఆ గదిలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అడుగున ఏమవుతోందో వినడం, రికార్డు చేయడం ఆమె పని. పడవల మోత ఎంత, ఇసుక తవ్వే యంత్రాల గోల ఎంత, ఈ రభసకి నీళ్ళలో ఉన్న జీవాలు ఏమంటున్నాయి, అన్నీ ఆమెకే తెలియాలి.

"వినడానికి కూడా ఉద్యోగాలిస్తారా ఏమిటే?" అని అత్తగారు మొదట్లో ముక్కున వేలేసుకుంది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నేను చేస్తున్నది అదేగా! నన్నెవరూ పిలవలేదే?"

పెద్దావిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఆమె కొడుకు, అంటే చెవులమ్మ మొగుడు, పుట్టాక నోరు మూసింది లేదు. నిద్రలో కూడా ఎవరినో ఒకరిని అదిలిస్తూనే ఉంటాడు. అఖాతానికి అవతల ఉన్న చేపల డబ్బాల ఫ్యాక్టరీ నుంచి ఇవతల ఊరికి జనాన్ని చేరవేసే లాంచీని నడిపే సరంగు అతను. ఆ లాంచీ ఇంజనుకీ అతని గొంతే వచ్చింది. సొంత మేనత్త కొడుకు కాబట్టి ఆ గోల ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇంట్లో ఎలాగో నెగ్గుకొచ్చింది. చిక్కంతా నీళ్ళలోనే వచ్చిపడింది.

జెట్టీకి కాస్త దూరంలో నీళ్ళ కింద ఒక రాళ్ళదిబ్బ ఉంది. పొద్దుగుంకే వేళ అక్కడ చేపలు పాడతాయి. నవ్వకండి, నిజమే. కొన్ని రకాల మగచేపలు పొట్టలో ఉన్న గాలితిత్తిని ఆడించి గురగురమంటూ జోడీని పిలుచుకుంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఆ పాట విని మురిసిపోయింది. తర్వాత ఫ్యాక్టరీ పెరిగింది. లాంచీకి పెద్ద ఇంజను వచ్చింది. చివరి లాంచీ సరిగ్గా చేపలు గొంతు సవరించుకునే వేళకే దిబ్బ మీదుగా రావడం మొదలైంది. ఫ్యాక్టరీకి సెలవు లేదు కాబట్టి లాంచీకీ లేదు. అది వెళ్ళాక చాలాసేపటి దాకా అక్కడ ఒక్క ప్రాణీ నోరు విప్పదు. విప్పే సరికి పాట వేళే దాటిపోతుంది.

ఒకరోజు కేంద్రం డైరెక్టరమ్మ వచ్చి మెత్తగానే చెప్పింది. "చేపలు దిబ్బ వదిలి వెళ్ళిపోయినట్టున్నాయమ్మా. ఇంకో వారం చూసి మైకు తీసేద్దాం. ఇక్కడేమీ లేవని రాసి పంపేద్దాం." అలా రాస్తే రేవు వాళ్ళు దిబ్బని పగలగొట్టి పడవల దారి వెడల్పు చేసుకుంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, చెవులమ్మకూ తెలుసు.

ఆ రోజు భోజనాల దగ్గర చెవులమ్మ బతిమాలింది.

"బావా, ఒక్క సాయంత్రం దిబ్బ దగ్గర ఇంజను ఆపవూ?"

"ఆపితే జనం నన్నెత్తి నీళ్ళలో పడేస్తారు. పొద్దంతా నిలబడి పనిచేసొచ్చే వాళ్ళే! అయినా నా ఇంజనుకేమొచ్చింది? సంగీతంలా ఉంటుంది."

"నీ సంగీతానికే చేపలు నోళ్ళు మూసుకున్నాయి."

"అసలంటూ ఉంటేగా మూసుకోడానికి!"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. కంచం తీసుకుని లేచిపోయింది. అప్పట్నుంచి అతనితో మాట్లాడటం మానేసింది. పలకని పెళ్ళాం ముందు ఎంతటి వాగుడుకాయైనా ఎంతసేపని వాగుతాడు? రెండు రోజులకే ఇల్లంతా బోసిపోయింది. "వెళ్ళి ఆ పిల్ల అడిగింది చెయ్యరా, నాకు పిచ్చెక్కుతోంది" అని తల్లి కసిరింది.

వారం గడిచింది. తెల్లారితే మైకు తీసేస్తారు. ఆఖరి సాయంత్రం చెవులమ్మ రికార్డరు పెట్టి, బరువైన మనసుతో కూర్చుంది. ఎప్పటిలాగే దూరం నుంచి దడదడమంటూ మొగుడి ఇంజను బయల్దేరింది. దగ్గరికొచ్చింది. ఠక్కున ఆగిపోయింది.

ఏ రాయికైనా కొట్టుకుందా? హెడ్‌ఫోన్స్ పడేసి బయటికి పరుగెత్తింది. లాంచీ దిబ్బకు అవతలగా నీళ్ళ మీద తాపీగా తేలుతోంది. మొగుడు పైకప్పు మీదకెక్కి ఒక చేత్తో తన చెవి పట్టుకుని, రెండో చేత్తో లోపలికి పో, పో అని సైగ చేస్తున్నాడు. కింద లాంచీ నిండా జనం, పంతులు గదమాయించిన బడిపిల్లల్లా నోటి మీద వేళ్ళు పెట్టుకుని నిలబడ్డారు.

ఒక్క ఉరుకున లోపలికొచ్చి మళ్ళీ చెవులకు తగిలించుకుంది. లాంచీకి నీళ్ళు తగులుతున్న చప్పుడు. ఎవరిదో టిఫిన్ డబ్బా పడ్డ చప్పుడు. ‘చచ్చాం!’ అనుకుంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. బావ అన్నదే నిజమేమో, అక్కడేవీ లేవేమో అని ఆమెకు భయం పట్టుకుంది.

అప్పుడు వినిపించింది, గుర్ర్ మని ఒక్కటి. కాసేపటికి ఇంకో పక్క నుంచి దానికి జవాబు. ఆపైన రెండు, నాలుగు, ఇక లెక్కే లేదు. పెద్ద గిన్నెలో ఎసరు తెర్లినట్టు దిబ్బంతా కుతకుతలాడిపోయింది. చెవులమ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. అంత సంతోషం ఆమె ఏనాడూ ఎరగదు. రేపు డైరెక్టరమ్మ ఎవరికి రాసినా దిబ్బ ఖాళీ అని మాత్రం రాయదు.

చీకటి పడ్డాక లాంచీ జెట్టీకి వచ్చింది. దిగిన జనం ఇళ్ళకు పోలేదు.

"వినిపించాయా అమ్మా?" అని ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు వేసే ఒకావిడ అడిగింది. "మీ ఆయన దారంతా మమ్మల్ని బతిమాలాడు. నువ్వు నోరు మూసుకుంటే మేమూ మూసుకుంటామన్నాం. పాపం, నిజంగానే మూసుకున్నాడు!"

చెవులమ్మ గబగబా లోపలికి పోయింది. గదిలో ఉన్న స్పీకరు బయటికి లాక్కొచ్చి పెట్టింది. ఇందాకటి రికార్డు వేసేసరికి జెట్టీ మీద చేపల పాట మొదలైంది.

సరంగు చేతులు తుడుచుకుంటూ అందరికంటే వెనక వచ్చాడు. విన్నాడు. మొహం చిన్నబోయింది.

"ఇవన్నీ ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయా?"

"ఉన్నాయి బావా."

"నేను రోజూ వీటి నెత్తి మీంచే..." మొదలెట్టిన మాట పూర్తి చేయకపోవడం అతనికి అదే మొదటిసారి. జనం వైపు తిరిగాడు. "రేపట్నుంచి దిబ్బ జోలికి పోకుండా బయటి దారిన చుట్టు తిరిగి వస్తాను. ఇంటికి కాస్త ఆలస్యమవుతుంది. తిట్టేవాళ్ళు ఇప్పుడే తిట్టేయండి."

"తర్వాత తీరిగ్గా తిడతాంలే" అంది మూతలావిడ, స్పీకరు పక్కన చతికిలబడుతూ.

వారం రోజులుగా బిగబట్టిన మాటలన్నీ చెవులమ్మకు ఒక్కసారిగా పొంగుకొచ్చాయి. "బావా, ఆ బొంగురుగొంతు విన్నావూ, అది బాగా పెద్ద మగచేపది. అదిగో, దానికి పోటీగా ఇంకోటి చూడు, అదేమో..."

అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"అబ్బా, నువ్వు కాసేపు నోరు మూసుకోవే. విననీ."