సూపర్‌వైజర్ అక్కా అన్న రోజు

సూపర్‌వైజర్ తనను "అక్కా" అని పిలిచిన రోజే మడతలావిడకి అనుమానం పుట్టింది. అన్నేళ్ళుగా అతనికి ఆవిడ వట్టి "ఏమ్మా". ఏమ్మా, ఆ ర్యాక్ సర్దావా? ఏమ్మా, ఇంకా ఎంతసేపు? అలాంటివాడు ఒక మధ్యాహ్నం నవ్వుకుంటూ వచ్చి, "అక్కా, బేరాలేం లేవుగా, ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చండి" అన్నాడు. ఊరికే మర్యాద చేసేవాళ్ళంటే ఆవిడకి మొదటినుంచీ గిట్టదు. అయినా ఒకరి కింద పనిచేసేవాళ్ళకి ఓ జబ్బుంటుంది. పైవాడు నవ్వుతూ అడిగితే కాదనడానికి నోరు రాదు. ఆవిడ తలుపు దగ్గరున్న హాజరు మిషన్ మీద బొటనవేలు ఆనించి ఇంటిదారి పట్టింది.

ఆ బట్టల షాపులో చొక్కాల విభాగం ఆవిడది. వచ్చినవాళ్ళు నచ్చినవీ నచ్చనివీ అన్నీ విప్పి కుప్పపోసి, ఒక్కటీ కొనకుండా చేతులూపుకుంటూ వెళ్ళిపోతే, వాళ్ళు మెట్లు దిగేలోపు అన్నిటినీ కొత్తవాటిలా మడిచి దొంతర కట్టేస్తుంది. ఆ పేరు అలా వచ్చిందే. భర్త పోయాక ఇంట్లో మిగిలింది ఆవిడా, అత్తగారూ. ఫుల్‌టైమ్ ఉద్యోగం కాబట్టి కంపెనీ వాళ్ళిచ్చిన వైద్యం కార్డు ఉంది. ఆ కార్డు మీదే అత్తగారి ఒక కంటికి శుక్లం తీశారు. రెండో కంటికి కొన్ని నెలలాగి రమ్మన్నారు. అందాకా పెద్దావిడ ఆ ఒక్క కంటితోనే వీధి మొత్తం గుట్టు లాగుతోంది.

"ప్రేమగా ఇంటికి పంపిస్తున్నాడా?" అంది పెద్దావిడ సంగతి విని. "నీకు పొగ పెడుతున్నారే."

"పెడితే ఆయన కాదు అత్తయ్యా. కొత్తగా ఓ పిల్ల చేరింది. అంతా దాని పనే."

ఆ పిల్ల సన్నగా, ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది. షాపులో అందరూ పుల్ల అంటారు. మడతలావిడ వెళ్ళిపోతుంటే సరిగ్గా అప్పుడే ఎదురొస్తుంది. తను ఖాళీ చేసిన చోట అది నిలబడుతోంది. అనుమానానికి ఇంకేం కావాలి? పైగా తనని ఇంటికి పంపని రోజుల్లో దానికి మడతలు నేర్పమని సూపర్‌వైజర్ తననే పురమాయించాడు. నేర్పింది, ఆఖరి మడత తప్ప. కాలరు కింద అట్టముక్కని చొక్కా అంచుతో బిగించే ఆ మడత లేకపోతే దొంతర చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎవరైనా మధ్యలోంచి ఒకటి లాగారంటే మొత్తం జారి కిందపడుతుంది. పుల్ల కట్టినవి రోజూ పడుతూనే ఉన్నాయి. ఆ పిల్ల తిట్లు తింటుంటే మడతలావిడ హ్యాంగర్లు సర్దుతున్నట్టు నటించేది. గొప్ప పనేం కాదు గానీ, ఆవిడకి అప్పట్లో లోపల హాయిగానే ఉండేది.

మధ్యాహ్నాలు ఇంటికి పంపడం అలవాటైపోయింది. ఒకరోజు ఇంటికి చేరాక టిఫిన్ బాక్సు మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి, సాయంత్రం మళ్ళీ షాపుకి వెళ్ళింది. తలుపు దగ్గర పుల్ల మిషన్ మీద వేలు ఆనిస్తోంది. లోపల చొక్కాల దగ్గర ఇంకెవరో కొత్తమ్మాయి నిలబడి ఉంది.

అప్పుడే వెళ్తున్నావేమని అడిగితే పుల్ల నవ్వింది.

"నాకెప్పుడూ ఇంతే ఆంటీ. మీరే ఇంట్లో పనుందని అడిగి వెళ్తున్నారట కదా. మీ దయవల్ల ఈ కాస్తయినా దొరికిందని మా అమ్మకి చెప్పాను."

మడతలావిడ ఆ పిల్ల మొహంలో అబద్ధం కోసం చాలాసేపు వెతికింది. దొరకలేదు. తన ఒక్క రోజునే ముక్కలు చేసి తలా ఇంత పంచారని, అందులో ఎవరికీ కడుపు నిండదని అప్పటికి తెలిసొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పైఅంతస్తులో ఆఫీసుకి వెళ్ళింది. ఈ సీజన్ మొత్తంలో పనిచేసిన గంటలు ఒక గీత దాటాలనీ, దాటకపోతే పార్ట్‌టైమ్‌లోకి మార్చి కార్డు వెనక్కి తీసుకుంటారనీ గుమాస్తా చెప్పాడు. ఆవిడ ఇప్పటికే అంచున ఉంది. సూపర్‌వైజరే కదా పంపిస్తున్నాడు అంటే, గుమాస్తా కంప్యూటర్ మీంచి తలెత్తలేదు.

"ఎవరూ పంపినట్టు లేదండీ. షిఫ్టు అవకముందే వేలు పెట్టింది మీరే. ఇష్టపడి వెళ్ళినట్టే లెక్క."

అత్తగారి కంటిచూపుని చేతులారా పోగొడుతున్నానని మెట్లమీదే ఏడుపొచ్చేసింది.

ఆ మధ్యాహ్నం పుల్ల వచ్చీరాగానే సూపర్‌వైజర్ కూడా వచ్చాడు. అక్కని ఇక బయల్దేరమన్నాడు. తనకేం అలసట లేదు, ఉంటానంది ఆవిడ. అతని నవ్వు ఎక్కడికో పోయింది. ఇద్దరికి సరిపడా పని లేదని గొణిగి, పుల్లకి వెళ్ళమని సైగ చేశాడు. ఆ పిల్ల మిషన్ వైపు నడిచింది.

వెళ్తే వెళ్ళనీ, అనుకుంది మడతలావిడ. అది వెళ్తే తన గంటలు నిలుస్తాయి, కార్డు నిలుస్తుంది. అయినా వీళ్ళిద్దరూ కలిసి నాటకమాడటం లేదని ఏంటి నమ్మకం? ఆ అనుమానం అప్పటికీ వదల్లేదు. కానీ పుల్ల వేలు పైకెత్తడం చూడగానే, ఇన్ని మధ్యాహ్నాలూ నోరు మెదపకుండా తనెత్తిన వేలే కనబడింది. గబగబా వెళ్ళి మణికట్టు పట్టుకుంది.

"ఆనించకు. నీ అంతట నువ్వే వెళ్ళినట్టవుతుంది. పంపించేది ఆయనే కదా, ఆ మాట ఆయన్నే పైకెళ్ళి చెప్పమను."

సూపర్‌వైజర్ ఇద్దరి వంకా చూశాడు. ఎవరో ఫోన్ చేసినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

ఆ రోజే ఆవిడ పుల్లకి ఆఖరి మడత చూపించింది. మొదట్లోనే ఎందుకు చెప్పలేదని పిల్ల అడిగితే, నిన్ను నమ్మలేదమ్మా, అనేసింది. పుల్ల ఇంకో చొక్కా తీసింది.

సీజన్ అయ్యేదాకా ఆవిడ ఒక్క మధ్యాహ్నం కూడా కదల్లేదు. గంటలు ఎలాగో గీత దాటాయి, కార్డు నిలిచింది. పెద్దావిడకి రెండో కంటి ఆపరేషనూ అయింది. కట్టు విప్పిన సాయంత్రం ఆవిడ చూపు సంగతి వదిలేసి షాపు సంగతే అడిగింది.

"ఏమంటున్నాడే మీ సూపర్‌వైజర్?"

"మళ్ళీ ఏమ్మా అంటున్నాడు అత్తయ్యా."

"హమ్మయ్య."

మడతలావిడ అత్తగారి కంట్లో చుక్కలు వేసి, సీసా మూత పెడుతూ ఆగింది.

"ఇవాళ పుల్లని మాత్రం చెల్లెమ్మా అన్నాడు."

పెద్దావిడ రెండు కళ్ళూ తెరిచి కోడల్ని చూసింది.

"రేపు తొందరగా వెళ్ళవే. దాని పక్కనే నిలబడు."