ఎండబెట్టిన పాట

ఆ రోజుల్లో నాకు చదువు మీద కన్నా పరోపకారం మీద శ్రద్ధ ఎక్కువ. అడిగిన సాయం ఎవరైనా చేస్తారు, అడగని సాయం చేయడంలోనే మనిషి గొప్పతనం ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. క్రైస్ట్‌చర్చ్‌లో మాస్టర్స్ చదవడానికి వెళ్ళి, రిక్కార్టన్‌లో ఒక పాత చెక్క ఇంటి వెనక భాగంలో నేనూ, బావా రెండు గదుల్లో ఉండేవాళ్ళం. (బావ నాకు ఏ వరసా కాడు. నాది నల్గొండ, అతనిది భీమవరం. మొదటి రోజు ఎయిర్‌పోర్టులో ఒకే ట్రాలీ కోసం ఇద్దరం పెనుగులాడుతూ “జర జరుగు బావా” అన్నాను, ఆ పిలుపు అలా అతుక్కుపోయింది.) ముందు భాగంలో ఇంటి యజమాని ఉండేవారు. పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన కివీ పెద్దాయన. సోఫా ఉండాల్సిన చోట రికార్డులు, టీవీ ఉండాల్సిన చోట రికార్డులు పెట్టుకుని, తను మాత్రం వంటింట్లో ఒక కుర్చీలో సర్దుకునేవారు. మేము ఆయన్ని రికార్డు అంకుల్ అనేవాళ్ళం.

ఆయన దగ్గరున్నవన్నీ సోల్ పాటలు. అమెరికాలో నల్లజాతివాళ్ళు చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతోనే ప్రేయసిని పిలిస్తే పుట్టిన సంగీతమట అది. దరువేమో కాళ్ళను ఊరుకోనివ్వదు, మాటలేమో గుండె పగిలి ఏడుస్తుంటాయి. ఏడుపు పాటకి డాన్సేంటి అంకుల్ అని అడిగితే, నీకింకా ఆ వయసు రాలేదులే అన్నారు. సాయంత్రం ఆరు కాగానే వంటింట్లో కుర్చీ పక్కకు జరిపి, ఒక్కరే డాన్స్ చేసేవారు. నడుము పైన మనిషి బ్యాంకు క్యూలో నిలబడ్డట్టు కదలకుండా ఉండేవారు, కింద పాదాలు మాత్రం నూనె రాసినట్టు జారేవి.

ఆ వేల రికార్డుల్లోనూ ఆయన ప్రాణం ఒక్కదాని మీదే. అటొక పాట, ఇటొక పాట ఉన్న చిన్న రికార్డు. అరవైల్లో ఆక్లాండ్‌లో పదిహేడేళ్ళ మావోరీ (అక్కడి మూలవాసుల) అమ్మాయి ఒక మధ్యాహ్నం పాడి, మళ్ళీ ఎప్పుడూ స్టూడియో గడప తొక్కలేదు. అచ్చయినవే కొన్ని, అసలు టేపు ఎప్పుడో పోయింది. గీతలు పడకుండా మిగిలింది తన దగ్గరున్నదేనని అంకుల్ నమ్మకం. ఆ ఊళ్ళో వచ్చిన పెద్ద భూకంపంలో ఇంటి చిమ్నీ కూలింది, అలమర బోర్లాపడింది, ఈ రికార్డు మాత్రం కవరు కూడా నలగకుండా బయటపడిందట. భూకంపాన్ని తట్టుకున్నది నన్ను తట్టుకోలేకపోయింది.

పాత పాటలను మళ్ళీ రికార్డులుగా వేసే ఒకాయన శనివారం ఆక్లాండ్ నుంచి వస్తున్నాడని, ఈ రికార్డులోంచే పాటను కాపీ చేసుకుని కొత్తవి అచ్చువేస్తాడని అంకుల్ చెప్పారు. చెబుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ వచ్చే ఆయనకు చూపించాల్సిన పద్నాలుగు రికార్డులు బల్ల మీద పెట్టి, కాస్త ఇల్లు చూసుకోమని నాకు అప్పగించి, రెండు రోజులకని టిమారులో చెల్లెలింటికి వెళ్ళారు. చూసుకోవడమంటే ముట్టుకోకపోవడమని నాకు తోచలేదు. శుక్రవారం పొద్దున్నే చూస్తే వాటి మీద సన్నటి దుమ్ము. అంత దూరం నుంచి వచ్చే మనిషి ముందు పెద్దాయన పరువు ఏం కాను? గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు కడిగే సబ్బు నాలుగు చుక్కలు వేసి, మధ్యలో కాగితం తడవకుండా, స్పాంజి మెత్తని వైపుతో ఒక్కొక్కటే కడిగాను. (ఇంతవరకూ నేను చేసింది మరీ అంత తప్పేమీ కాదని తర్వాత తెలిసింది. ఈ కథ ఎవరు చెప్పినా ఈ ముక్క కలపమని ఇప్పటికీ బతిమాలుతుంటాను.)

తప్పంతా ఆరబెట్టడంలో జరిగింది. మా ఇంట్లో మిరపకాయల దగ్గర్నుంచి పరుపుల దాకా దేన్నయినా ఎండలో పెడితేనే శుభ్రమైనట్టు లెక్క. ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద నా తెల్ల లుంగీ పరిచి, వడియాలు పెట్టినట్టు వరసగా పేర్చాను. పదమూడింటి మీద నిమ్మచెట్టు నీడ పడింది. పద్నాలుగోది ముఖ్యమైనది కాబట్టి, దానికి ఆ నీడ తగలకుండా, గౌరవంగా తీసుకెళ్ళి నిండు ఎండలో విడిగా పెట్టాను. అది జనవరి, అక్కడ నడి వేసవి. అక్కడి ఎండ చల్లగాలితో కలిసి వస్తుంది కాబట్టి ఒళ్ళు కాలాక గానీ తెలియదు. నేను లోపలికెళ్ళి, అమ్మతో ఫోన్లో మాట్లాడి, గుత్తి వంకాయ ఎలా చేయాలో పూర్తిగా రాసుకుని తిరిగొచ్చేసరికి డెక్ మీద బావ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“ఏంట్రా ఇది, అప్పడం వేయించావా?” అన్నాడు.

రికార్డు ఒక అంచు పైకి లేచి, వంగి, చెయ్యి చాచి ఎవరినో పిలుస్తున్నట్టుంది. బావ మెకానికల్ ఇంజినీరు. అప్పటిదాకా ఆ చదువు వల్ల మాకు ఒరిగింది కుక్కర్ విజిల్ బాగుచేయడం ఒక్కటే. ఆ రోజు మాత్రం పెద్ద డాక్టరులా నింపాదిగా ఆలోచించి, ఫ్రిజ్‌లోని రెండు గాజు పలకలు ఊడదీయించాడు. వాటి మధ్య రికార్డు పెట్టి, ఒవెన్‌లో చెయ్యి పెట్టి చూసుకునేంత వేడిలో కాసేపు ఉంచి, కిందికి దించి, పైన ఇరవై కిలోల సోనామసూరి బస్తా ఎత్తాడు. పాలూ పెరుగూ కూరలూ ఫ్రిజ్ అడుగున ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. నేను బస్తా పక్కనే కూర్చుని గంటకోసారి దాన్ని తట్టి చూశాను. మర్నాడు పొద్దున తీసి చూస్తే రికార్డు బల్లపరుపుగా ఉంది, అంచు దగ్గర ఒక్కచోట మాత్రం చిన్న ఉబ్బు మిగిలింది. బావ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఎవడికీ తెలీదులే అన్నాడు.

మధ్యాహ్నానికి అంకుల్ వచ్చారు, ఆయన వెనకే ఆక్లాండ్ ఆయనా వచ్చాడు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ టీ తాగుతారా అని అడిగాను. ఆక్లాండ్ ఆయన కాపీ చేసుకునే యంత్రం తగిలించాక రికార్డు తిరగడం మొదలుపెట్టింది. పాట మొదట్లోనే ఆ అమ్మాయి ఒక్కతే తీసే పొడవాటి రాగం ఉంది. అంచు ఉబ్బు మీద ముల్లు ఎక్కి దిగినప్పుడల్లా ఆ రాగం వణికింది, తర్వాత పాటంతా తిన్నగా సాగిపోయింది. ఆక్లాండ్ ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ వణుకు విన్నారా, గుండెలోంచి రాకపోతే ఎవరి గొంతూ అలా వణకదు అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ పాట వింటున్న అంకుల్ ముందు ప్లేయరును చూశారు, తర్వాత తళతళలాడుతున్న మిగతా పదమూడింటిని చూశారు, ఆఖరికి నన్ను చూశారు. ఆక్లాండ్ ఆయన వెళ్ళాక అంకుల్ తలుపు వేసి, దాన్నేం చేశావు అని మెల్లగా అడిగారు. ఫ్రిజ్ పలకలతో సహా మొత్తం చెప్పాను.

ఆయన డెక్ మీదకెళ్ళి, నిమ్మచెట్టు నీడ ఎక్కడిదాకా పడుతోందో చూశారు. కోప్పడితే బాగుండేది. తిరిగొచ్చి, ఆక్లాండ్ ఆయనకు ఉన్నదున్నట్టు ఈమెయిల్ రాశారు. అతను నమ్మలేదు. ఎండకు అంత అందమైన వణుకు రాదనీ, దాన్ని సరిచేసే ప్రసక్తే లేదనీ జవాబిచ్చాడు. అంకుల్ అది నాకు చదివి వినిపించి అన్నారు:

“పాట నాది కాదు, అతనిదీ కాదు. పాడినావిడకు నువ్వే చెప్పాలి.”

చెప్పాల్సిన రోజు ఏడాదిన్నర తర్వాత వచ్చింది. అప్పటికి మేమిద్దరం ఉద్యోగాలకని ఆక్లాండ్ చేరి, టకానినిలో ఫ్లాట్ తీసుకున్నాం. కొత్త రికార్డు విడుదల సభ మనురేవాలో ఒక కమ్యూనిటీ హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. అంకుల్ విమానంలో వచ్చి మా ఇంట్లో దిగి, గుత్తి వంకాయ రెండుసార్లు వడ్డించుకుని, మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని బయల్దేరారు. హాలు నిండా అరవై దాటినవాళ్ళే. చెక్క నేల మీద పాదాలు జారడానికి టాల్కం పౌడరు చల్లుకుని తిరుగుతున్నారు. మా పాట వేయగానే మొదటి రాగం దగ్గర అందరూ ఆగి, మోకాళ్ళు సన్నగా వణికించి, అప్పుడు డాన్స్ అందుకున్నారు. కవరు మీద ఆ వణుకు గురించి ఒక పేరా నిండా రాశారు.

పాడినావిడ టీ బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నారు. అందరూ ఆమెను నాన్ అంటున్నారు, అంటే అక్కడ బామ్మ అన్నట్టు. నేను చేతులు కట్టుకుని నిలబడి, లుంగీ దగ్గర్నుంచి బియ్యం బస్తా దాకా ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె కప్పు కింద పెట్టారు. ఈ కొత్త రికార్డు విన్నప్పటినుంచీ తనకు నిద్రలేదన్నారు. ఆ రోజు తాను బెదరలేదని, ఒక్క ఊపిరిలో తిన్నగా పాడానని పిల్లలకీ మనవలకీ గొప్పగా చెప్పుకుంటూ వచ్చారట. రికార్డేమో వణుకుతోంది. బెదిరిపోయి ఉంటాను, అదే మర్చిపోయాను, ముసలితనం అనుకున్నారట.

“అయితే నేను బాగానే పాడానన్నమాట,” అన్నారు.

“ఆ వణుకులో మీ తప్పేమీ లేదు నాన్. నాదే,” అన్నాను.

ఆమె భుజాలు కదిలేలా నవ్వుతుండగానే స్టేజి మీదకు పిలిచారు. మైకు పట్టుకుని అదే రాగం తీశారు. ఈసారి వయసు వల్ల గొంతు నిజంగానే వణికింది, హాలు హాలంతా మోకాళ్ళు వణికించి చప్పట్లు కొట్టింది. ఆమె దిగివచ్చి, “ఇది మాత్రం నా సొంతం,” అని, నా చెయ్యి పట్టుకుని డాన్సులోకి లాక్కుపోయారు.

ఆ రోజు బావ తీసిన ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. రబ్బరు బూట్లతో, పౌడరు మీద కూడా జారక, అందరూ అటు తిరుగుతుంటే నేనొక్కణ్ణీ ఇటు తిరిగి ఉన్నాను. ఆ ఫొటోలోని కుర్రాడి ముఖంలో చెప్పలేనంత గర్వం. ధైర్యంగా ఒప్పుకున్నందుకే ఇద్దరు పెద్దవాళ్ళూ తనను క్షమించారని అనుకుంటున్నాడు. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి క్షమించారని తెలియడానికి వాడికి ఇంకో పదేళ్ళు పట్టింది.